రబ్బరు ముక్క దొరక్క పంపులు పారేస్తున్నాం

సంపాదకులకు నమస్కారం.

పాత విద్యుత్ సామాన్ల చెత్త మీద మీరు వేసిన వ్యాసం చదివాను. 2022లో ప్రపంచం మొత్తం మీద 6.2 కోట్ల టన్నుల ఈ-చెత్త పోగైందనీ, అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క ఉన్నది 22.3 శాతమేననీ ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెబుతోంది. ఈ మాట వచ్చినప్పుడల్లా ఫోన్లు, టీవీలు, కంప్యూటర్ల గురించే అందరూ రాస్తారు. నేను జానెడు పొడవుండే ఒక చిన్న పంపు గురించి రాస్తున్నాను. అది మా బతుకుతెరువు కాబట్టి ఉత్తరం కాస్త పెద్దదైంది, మన్నించండి.

మా ఆయన, మా మరిది బయటి గోడలు, అద్దాలు, పైకప్పులు కడిగే పని చేస్తారు. పాచి పట్టిన గోడ మీద బ్లీచింగ్ ద్రావణాన్ని తక్కువ ఒత్తిడితో చల్లి, కాసేపు నాననిచ్చి, మంచినీళ్ళతో కడిగేస్తారు. ఎత్తులో ఉన్న అద్దాలకైతే పొడవాటి కర్ర, దాని చివర బ్రష్షు, కర్ర లోపలి పైపులోంచి వచ్చే శుద్ధి చేసిన నీళ్ళు. రెండు పనులకూ ఆధారం 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచే డయాఫ్రమ్ పంపే. రైతులు వీపున తగిలించుకునే బ్యాటరీ స్ప్రేయర్‌లో ఉండేది దీని తమ్ముడే.

మా ఇంట్లో పంపులు విప్పేది నేను. ఇందుకోసం ఏ కోర్సూ చదవలేదు, నా పని లెక్కలు రాయడం. ఒకే ఏడాదిలో ఖర్చుల పుస్తకంలో ‘కొత్త పంపు’ అని నాలుగోసారి రాయాల్సి వచ్చినప్పుడు, పాడైపోయిందన్న ఆ నాలుగో పంపును పారేయనివ్వలేదు. ‘మోటారు తిరుగుతోంది కదా, మరి చచ్చిపోయిందని ఎలా అంటారు?’ అని అడిగాను. మా ఆయన దగ్గర జవాబు లేదు. నీళ్ళు లాగడం లేదు, అంతే ఆయనకు తెలిసింది.

రాత్రి అందరూ పడుకున్నాక మీ పేపరే ఒకటి నేల మీద పరిచి విప్పడం మొదలుపెట్టాను. తలకాయ భాగానికి పొడవాటి స్క్రూలు ఉన్నాయి. ఏ స్క్రూ ఎక్కడినుంచి తీశానో పేపరు మీద పెన్నుతో గుండ్రాలు గీసి, ఆ గుండ్రంలోనే పెట్టాను. ఇప్పటికీ అలాగే చేస్తాను. పై మూత తీస్తే ఒక ప్లాస్టిక్ పలక, దానికి చిన్న గొడుగుల్లాంటి రబ్బరు వాల్వులు. దాని కింద డయాఫ్రమ్, అంటే మూడు గుంటలున్న రబ్బరు బిళ్ళ. మోటారు ఇరుసుకు వంకరగా బిగించిన బేరింగు ఒకటి ఉంటుంది. అది తిరిగినప్పుడు ఈ మూడు గుంటల్ని వంతులవారీగా పైకీ కిందికీ ఊపుతుంది. గుంట కిందికి దిగినప్పుడు ఒక వాల్వు తెరుచుకుని నీళ్ళు లోపలికి వస్తాయి, పైకి లేచినప్పుడు ఆ వాల్వు మూసుకుని ఇంకో వాల్వులోంచి బయటికి పోతాయి. పంపు చేసే పనంతా ఇదే.

ఆ గొడుగుల్లో ఒకదాని అంచు కింద తెల్లగా ఏదో కనిపించింది. సూదితో లాగితే వచ్చింది. పైపు జాయింటుకు చుట్టే టెఫ్లాన్ టేపు పోగు, గోరంత కూడా లేదు. అది అడ్డం పడి వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు. లోపలికి పీల్చిన నీళ్ళు మళ్ళీ వెనక్కే పోతున్నాయి. కడిగి, బిగించి, బకెట్‌లో పైపు పెట్టి బ్యాటరీ తగిలించాను. రెండుసార్లు గాలి తుమ్మి, మూడోసారి నీళ్ళు దూకాయి. ఆ చప్పుడుకి మా ఆయన లేచి వచ్చారు. ఇద్దరం కాసేపు మాట్లాడకుండా ఆ నీళ్ళనే చూస్తూ నిలబడ్డాం. అంతకుముందు పారేసిన మూడింటిలో ఏముండేదో అని నాకు ఇప్పటికీ మనసులో పీకుతూనే ఉంటుంది.

అప్పటినుంచి నేను విప్పిన ప్రతి పంపు గురించీ ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాను. ఇప్పటికి 23 అయ్యాయి. మావి కొన్ని, ఇదే పని చేసే తోటివాళ్ళు పాతసామాన్లకు వేయబోతూ నాకిచ్చినవి ఎక్కువ. అందులో 8 పంపులకు వాల్వులోనో ఫిల్టరులోనో చెత్త పట్టింది. ఐదింటికి ప్రెషర్ స్విచ్చి పోయింది. నాలుగింటికి వైర్లు, ఫ్యూజు, జాయింట్ల గొడవ. నాలుగింటిలో డయాఫ్రమ్ చిరిగింది. మోటారు కాలిపోయినవి రెండే రెండు. అన్నిటినీ ‘మోటారు పోయింది’ అనే మాటతోనే నాకిచ్చారు.

వైర్ల సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే ఆ నాలుగు పంపుల్నీ అసలు విప్పాల్సిన పనే లేదు. ఒకాయన తన పంపు నీరసంగా నడుస్తోందని తెచ్చిచ్చాడు. నా బల్ల మీద బ్యాటరీకి దగ్గరగా పెడితే గుర్రంలా నడిచింది. బండిలో బ్యాటరీకీ పంపుకీ మధ్య పది మీటర్ల దూరమట, మధ్యలో సన్నటి వైరు. రాగి వైరు మందం 1 చదరపు మిల్లీమీటరు అనుకోండి, రానూ పోనూ కలిపి 20 మీటర్లు. పంపు 8 ఆంపియర్లు లాగితే దాదాపు 2.8 వోల్టులు దారిలోనే పోతాయి. 12 వోల్టుల పంపుకు చేరేది తొమ్మిది చిల్లర. అదే 4 చదరపు మిల్లీమీటర్ల వైరైతే పోయేది 0.7 వోల్టు. ఆయన వైరు మార్చుకున్నాడు, ఆ పంపు ఇప్పటికీ నడుస్తోంది. పంపు నడుస్తుండగానే దాని దగ్గర వోల్టేజి చూడాలి. ఆపేసి చూస్తే మీటరు మంచి అంకె చూపించి మోసం చేస్తుంది. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే మేం ఎన్ని బ్యాటరీల్ని అనవసరంగా తిట్టుకునేవాళ్ళం కాదో.

ప్రెషర్ స్విచ్చి పంపు తల మీద ఉండే చిన్న డబ్బా. చేతిలో ఉండే, నీళ్ళు చల్లే గన్ ట్రిగ్గరు వదిలితే పైపులో ఒత్తిడి పెరుగుతుంది, అది పెరిగి లోపలి చిన్న మీటను తోస్తుంది, మోటారు ఆగిపోతుంది. నొక్కితే మళ్ళీ మొదలవుతుంది. పైపు ఇరుకుగా ఉన్నా, నాజిల్ సన్నగా ఉన్నా ఇది నిమిషానికి ఎన్నోసార్లు కొట్టుకుంటుంది. టకటకమని ఆ చప్పుడు వింటే నాకు టెన్షన్ వచ్చేస్తుంది. ప్రతి టక్కుకీ లోపల ఒక నిప్పురవ్వ లేస్తుంది, కాంటాక్టులు నల్లబడతాయి. దానికి తోడు బ్లీచింగ్ ఆవిరి తగిలితే పచ్చటి చిలుము పడుతుంది. స్విచ్చి పోయిందో లేదో చూడటం సులువు. దాని రెండు వైర్లనూ ఒక్క క్షణం కలిపి, గన్ నొక్కి ఉంచితే మోటారు తిరిగిందా, తప్పు స్విచ్చిదే. కానీ అలాగే కలిపేసి పనికి తీసుకుపోకూడదు. గన్ వదిలినా మోటారు ఆగదు, ఒత్తిడి పెరిగి ఎక్కడో ఒకచోట పగులుతుంది. మా మరిది ఒకసారి అలాగే తీసుకుపోయాడు. జాయింటు ఊడి ద్రావణం మొహం మీదికి చిమ్మింది. కళ్ళజోడు పెట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఆ ఐదు పంపుల్లోనూ నేను మార్చింది లోపలి చిన్న స్విచ్చిని మాత్రమే. చిటికెన వేలి గోరంత ఉంటుంది.

డయాఫ్రమ్ చిరిగితే మాత్రం పంపు ముందే చెబుతుంది. తలకీ మోటారుకీ మధ్య సందులోంచి చుక్కలు కారతాయి. ఆ రోజే ఆపేస్తే మోటారు దక్కుతుంది. ‘ఈ ఒక్క పని అయ్యాక చూద్దాంలే’ అంటే ఆ నీళ్ళు బేరింగులోకి, అక్కడినుంచి మోటారులోకి దిగుతాయి. అందుకే మా బండిలో పంపుల్ని ఇప్పుడు నిలువుగా బిగించాం, మోటారు పైన, తల కింద. కారినా నేల మీదే పడుతుంది. చిరుగు కంటికి ఆనదు. బిళ్ళను దీపానికి ఎదురుగా పట్టుకుని, గుంట అంచుల్ని వేలితో మెల్లగా మడిచి చూస్తే వెంట్రుకంత గీత తెరుచుకుంటుంది. మొదటిసారి ఆ గీత కనిపించినప్పుడు నమ్మలేకపోయాను. ఒక పంపు మొత్తాన్ని ఆపింది ఇదేనా అనిపించింది.

రబ్బరు అంటే అన్నీ ఒకటి కావు. ఈపీడీఎం, విటాన్ రబ్బర్లు బ్లీచింగ్‌కు బాగా తట్టుకుంటాయి, నైట్రైల్ రబ్బరు త్వరగా పాడవుతుంది. ఈపీడీఎంకు మళ్ళీ నూనె పడదు. మెత్తగా ఉంటుందని మావాళ్ళు ఇంజను ఆయిల్ రాస్తే వాల్వులు ఉబ్బి, చోటులో పట్టకుండా పోయాయి. సిలికాన్ గ్రీజు పలచగా రాస్తే చాలు. పని అయ్యాక మంచినీళ్ళు పోనివ్వడం అన్నిటికంటే ముఖ్యం. బ్లీచింగ్ లోపల ఎండితే ఉప్పు పలుకులు పేరుకుంటాయి, మర్నాడు వాల్వు అతుక్కుని లేవదు. అలా అతుక్కున్న పంపుల్ని గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి విప్పాను. అవీ ‘పోయినవే’ అని వచ్చినవే.

ఇక్కడ ఒక హెచ్చరిక రాయకపోతే తప్పు చేసినదాన్నవుతాను. గట్టి నీళ్ళ వల్ల పట్టిన తెల్లటి గార పోవాలని పంపులోకి వెనిగరో, యాసిడ్ కలిసిన మందో పోస్తారు. అందులో బ్లీచింగ్ మిగిలి ఉంటే రెండూ కలిసి క్లోరిన్ వాయువు పుడుతుంది. మా పెరట్లో అడుగున బ్లీచింగ్ నీళ్ళున్న బకెట్‌లో మా మరిది గార మందు పోశాడు. క్షణంలో ఘాటు కమ్మేసింది. దగ్గుతూ, కళ్ళు నలుపుకుంటూ గేటు దాకా పరిగెత్తాడు. బయట గాలి ఉండబట్టి బతికిపోయాం, అదే మూసిన గదైతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి. బ్లీచింగ్‌కు ఒక బకెట్, గార మందుకు వేరే బకెట్ పెట్టాను, రెంటికీ వేరే రంగులు. మధ్యలో పంపు నిండా మంచినీళ్ళు బాగా తిప్పాకే రెండోది ముట్టుకుంటాం. కరెంటు మీద నేరుగా నడిచే పెద్ద ప్రెషర్ వాషర్ల జోలికి నేను పోను. వాటిలో ప్లగ్ పీకేసినా కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉండొచ్చు. అది తెలిసినవాళ్ళ పని.

ఇక నా అసలు బాధ. ఆ 23లో మోటారు కాలిన రెండు పంపుల తలకాయలు బాగున్నాయి. డయాఫ్రమ్ చిరిగిన నాలుగింటిలో రెండు అదే మోడల్. మోటారు కాలిన వాటి తల, డయాఫ్రమ్ చిరిగిన వాటి మోటారు కలిపి రెండు పంపులు లేపాను. కాలిన మోటార్లలోంచి కూడా స్క్రూలు, రబ్బరు పాదాలు, వైరు కొక్కేలు దాచుకున్నాను. రాగిని పాతసామాన్ల వాళ్ళకిచ్చాను. వైరు మీది ప్లాస్టిక్కును కాల్చి రాగి తీయడం మాత్రం ఎవరూ చేయకండి, ఆ పొగ పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది, చాకుతో ఒలిస్తే వచ్చేస్తుంది. అంటే 23లో 19 పంపులు మళ్ళీ పనిలోకి వెళ్ళాయి. రెండింటి మోటార్లు కాలిపోయాయి. మిగిలిన రెండూ నా అలమరాలో ఉన్నాయి. మోటార్లు నిక్షేపంగా ఉన్నాయి. మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు, అంటే బ్రష్షులు, ఇంకా సగం పైన ఉన్నాయి. అవి రాసుకునే రాగి చుట్టును, అంటే కమ్యుటేటరును, సన్నటి గాజు కాగితంతో తుడిచాను, అద్దంలా ఉంది. వాటికి కావలసింది చెరొక రబ్బరు బిళ్ళ, అంతే.

ఆ బిళ్ళ కోసం నేను తిరగని చోటు లేదు. అమ్మినతను ‘విడిగా రాదమ్మా, పంపు మొత్తం తీసుకోండి’ అన్నాడు. తయారుచేసినవాళ్ళకు ఫోన్ చేస్తే మోడల్ ఆగిపోయిందన్నారు. కొత్త మోడల్ తెప్పించి విప్పి చూశాను. బయటికి రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి, లోపల స్క్రూ రంధ్రాల మధ్య దూరం రెండు మిల్లీమీటర్లు తేడా. ఆ రెండు మిల్లీమీటర్ల వల్ల పంపు ఏమైనా మెరుగైందా అని అడిగాను. ఎవరూ చెప్పలేదు. ఇంకో రకం పంపుకు స్క్రూలే లేవు, తలను అతికించేశారు. దాన్ని విప్పడమంటే పగలగొట్టడమే. అలాంటిది మా ఇంట్లోకి ఇంక రానివ్వను.

డయాఫ్రమ్, వాల్వులు అరిగిపోయేవే. నిమిషంలో వేలసార్లు వంగే రబ్బరు ఎప్పుడో ఒకప్పుడు అలసిపోతుంది, అందులో తయారీదారుల తప్పేమీ లేదు. అరిగిపోతుందని తెలిసిన ముక్కను విడిగా అమ్మకపోవడం మాత్రం తప్పే. సైకిల్‌కు ట్యూబు దొరకదు, కొత్త సైకిల్ కొనుక్కోమంటే ఒప్పుకుంటామా? యూరోపియన్ యూనియన్ 2024 జూన్‌లో వస్తువుల రిపేరు హక్కు మీద ఒక ఆదేశం తెచ్చింది, సభ్య దేశాలు దాన్ని 2026 జులై 31 నుంచి అమలు చేయాలని గడువు పెట్టింది. వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లు, ఫోన్లు ఆ జాబితాలో ఉన్నాయి. మా పంపు లేదు. ఇంత చిన్న వస్తువు ఏ చట్టం కంట్లోనూ పడదేమో అని దిగులుగా ఉంటుంది. ఇల్లు గడవడం దాని మీద ఆధారపడిన మాకు అది చిన్నది కాదు. పంపు ఆగిన రోజు ఇద్దరు మగవాళ్ళు పని మానుకుని కూర్చుంటారు, ఒప్పుకున్న గోడ సగంలో ఆగిపోతుంది, ఇంటివాళ్ళ ముందు తలదించుకోవాలి.

తయారుచేసేవాళ్ళను నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. తలను జిగురుతో కాకుండా స్క్రూలతో బిగించండి. విడి భాగాల బొమ్మ, వాటి నంబర్లు పెట్టెలో ఒక కాగితం మీద వేయండి. వాల్వులు ఏ రబ్బరుతో చేశారో పంపు మీదే రాయండి, బ్లీచింగ్ పోయవచ్చో లేదో మాకు తెలుస్తుంది. మోడల్ ఆపేసినా డయాఫ్రమ్, వాల్వులు, స్విచ్చి కొన్నేళ్ళపాటు అమ్మండి. రిపేరు చేసుకోగలిగిన పంపునే మేం మళ్ళీ కొంటాం, పదిమందికీ చెబుతాం.

మీకూ ఒక విన్నపం. కొత్త ఫోన్లలో ఏముందో మీరు వారం వారం వేస్తారు. ఇలాంటి పనిముట్లు ఎలా విప్పాలో, ఏది ముట్టుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో బొమ్మలతో నెలకొకసారైనా వేయండి. నేను విప్పిన మొదటి పంపును మీ పేపరు మీదే విప్పానని చెప్పాను కదా. అలాంటి బొమ్మ మీ పేపర్లో అంతకుముందే వచ్చి ఉంటే ముందు మూడు పంపులు చెత్తలోకి పోయేవి కావు.

నా అలమరాలో ఉన్న రెండు పంపులూ 12 వోల్టులవి, మూడు గుంటల డయాఫ్రమ్, తలకు స్క్రూలున్నవి. బిళ్ళ అడ్డం, మందం, రంధ్రాల మధ్య దూరం కొలిచి నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నాను. ఇదే పని చేసేవాళ్ళ దగ్గర మోటారు కాలి మూల పడేసిన పాత పంపులుంటే, తూకానికి వేసేముందు ఒక్కసారి తల విప్పి లోపలి రబ్బరు బిళ్ళను చూడమని ఈ ఉత్తరం ద్వారా అడుగుతున్నాను. అది బాగుంటే దాచిపెట్టండి, మీ పత్రిక ద్వారానే కబురు చేయండి.

ఇట్లు,
గోడలు కడిగే కుటుంబం నుంచి ఒక పాఠకురాలు